మూడు చుక్కల నట్టు

నా టేబులు సొరుగులో ఒక నట్టు ఉంది. ఇరవై రెండేళ్లుగా ఉంది. ఎవరైనా అడిగితే నాలుగు కిలోల బరువని చెబుతాను. నమ్మకపోతే ఐదు కిలోలని చెబుతాను. ఇది రాయడానికి కూర్చునే ముందు దాన్ని తీసుకెళ్లి, ఎదురుగా కారం మిల్లు నడిపే సుబ్బాయమ్మగారి కాటా మీద పెట్టి చూశాను. తొమ్మిది వందల నలభై గ్రాములు. "దీన్ని కూడా పొడి కొట్టాలా ఏంటయ్యా?" అని అడిగిందావిడ. కిలో కూడా తూగని ఈ ఇనుప ముక్కను ఇన్నేళ్లూ మోయలేక మోస్తున్నాను.

ముందే చెప్పేస్తున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. పగలు లేత్ మిషను మీద ఇనుము కోస్తాను, సాయంత్రం టీకొట్టు దగ్గర కోతలు కోస్తాను. మా ఆవిడ నేను చెప్పిన ఏ అంకెనైనా నాలుగుతో భాగించి అర్థం చేసుకుంటుంది. పెళ్లయిన కొత్తలో రెండుతో భాగించేది. మీరు కూడా చదువుతూ మీకు తోచినంత తగ్గించుకోండి, నేనేమీ అనుకోను. అయితే ఇందులో ఒకచోట పెంచడం కాదు, లేనిదాన్ని పూర్తిగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెబుతాను. అప్పటికి ధైర్యం మిగిలితే.

మస్తాన్ వలీ గురించి చెప్పాలి. ఆ పేరు రాయడానికే ఇంతసేపు పట్టింది.

గుంటూరు ఆటోనగర్లో ఒక లేత్ షాపులో మేమిద్దరం టర్నర్లం. పక్కపక్కన రెండు మిషన్లు, మధ్యలో జానెడు దారి. అతను నాకంటే రెండేళ్లు పెద్ద. అయినా ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్లం. నేను ట్రాక్టరు పిన్నులు, బోరు పైపుల మరలు, మిరపకాయలు దంచే మిషన్ల ఇరుసులు చేసేవాణ్ణి. మస్తానూ అవే చేసేవాడు, కానీ కష్టమైనది ఏదొచ్చినా అతని మిషను మీదికే పోయేది. వెంట్రుకను నిలువునా నాలుగు చీలికలు చేసి, అందులో ఒకటి లావుగా ఉందని పారేసే రకం. కోసే బిట్టు ఇనుమును తాకగానే కళ్లు మూసుకునేవాడు. నేనేదైనా వాగుతుంటే, "ఆగరా, అది చెబుతుంది" అనేవాడు. అంటే ఇనుము చెబుతుందని. అదేం చెప్పేదో నాకొక్కనాడూ వినపడలేదు. నా నోరు ఆగితే కదా వినపడటానికి.

మధ్యాహ్నం రెండు క్యారేజీలూ కలిపి తినేవాళ్లం. కలిపి అంటే, మా ఇంటి సొరకాయ కూర అతను తినేవాడు, వాళ్లింటి గోంగూర మాంసం నేను తినేవాణ్ణి. ఇందులో పెంచిందేమీ లేదు.

మిల్లు రంగనాయకులుగారని ఒకాయన ఉండేవారు. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు వాళ్లది. వాళ్ల తాతగారు కొన్న ఇంగ్లీషు కారొకటి మిల్లు షెడ్డులో పత్తి బేళ్ల వెనక అరవై ఏళ్లు పడుకుని ఉంది. దాన్ని చేసిన కంపెనీ మూతపడటమే కాదు, ఆ కంపెనీ వాచ్‌మన్ మనవలు కూడా రిటైరయ్యారు. దాన్ని లేపి, తన అన్నకొడుకు పెళ్లి ఊరేగింపులో నడపాలని రంగనాయకులుగారి కోరిక. ఇంజను తిరిగింది. చక్రాలు మాత్రం నిలబడలేదు. మామూలు కార్లలా నాలుగైదు బోల్టులు ఉండవు వాటికి. సైకిలు చక్రంలా సన్న చువ్వలు, నడుమ ఒకే ఒక్క పెద్ద నట్టు, దానికి రెండు చెవులు. ఆ చెవుల మీద సుత్తితో కొట్టి బిగించాలి. నట్టు కూర్చునే హబ్బులూ నట్లూ నాలుగూ అరిగిపోయాయి. ఇక్కడ దొరకవు, మద్రాసులో దొరకవు, లండనుకు ఉత్తరాలు రాయిస్తే అక్కడా దొరకవని జవాబొచ్చింది. చేయించుకోవాల్సిందే.

మిల్లులో మూలపడిన పాత జిన్ను యంత్రపు ఇరుసు తెచ్చి మా యజమాని కోటేశ్వరరావుగారి ముందు పెట్టారు. అలాంటి ఉక్కు ఇప్పుడు కళ్లకు కనపడదు. హబ్బూ నట్టూ కలిపి ఒక జతనుకుంటే, సరిగ్గా నాలుగు జతలకు వస్తుంది. ఐదో జతకు చిటికెడు మిగలదు.

"మస్తాను చెయ్యే పడాలండి కోటేశ్వరరావుగారూ. ఇంకోళ్లు ముట్టుకోకూడదు" అన్నారు రంగనాయకులుగారు. నేనక్కడే ఉన్నాను. "మేం ఆ పక్కకి ఊపిరి కూడా వదలం లెండి" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ ఇరుసు మీద ఒకసారి చెయ్యి వేసి చూశాను. అదే మొదలు కాబోలు. కాబోలు ఏమిటి, అదే మొదలు.

మా షాపులో రెండు పద్ధతులు ఉండేవి. ఎవరు చేసిన ముక్క మీద వాళ్లు, బయటికి కనపడని చోట, మొనదేలిన పంచితో ఒక గుర్తు కొట్టాలి. నాది ఒక చుక్క. మస్తానుది మూడు చుక్కలు. రెండోది రాయని కట్టుబాటు. పని చెడితే చేసినవాడే నోరు విప్పి ఒప్పుకోవాలి. పక్కవాడు చెప్పకూడదు. పక్కవాడి తప్పు యజమానికి చేరేసినవాడితో ఎవరూ కలిసి తినరు.

ఈ కారుకు ఒక మెలిక ఉంది. ఎడమవైపు చక్రాలకు మామూలు మర. కుడివైపు చక్రాలకు ఎడమ మర, అంటే తిరగేసిన మర. అలా ఉంటేనే బండి నడిచేకొద్దీ నట్టు బిగుసుకుంటుంది. తప్పు మర కోస్తే నట్టు చక్కగానే ఎక్కుతుంది, చక్కగానే బిగుస్తుంది. కానీ చక్రం తిరిగే ప్రతి చుట్టుకూ ఒక వెంట్రుకవాసి వదులవుతుంది. చూసే కంటికి తెలియదు. రోడ్డుకు తెలుస్తుంది.

మూడు జతలు మస్తాను చేశాడు. నాలుగోది, కుడివైపు వెనక చక్రానిది, పైపైన చెక్కి ఉంచి, బావమరిది పెళ్లికి నరసరావుపేట వెళ్లాడు. శనివారం పొద్దున్నే వచ్చి మర కోస్తానన్నాడు. కారు శనివారమే కావాలి.

శుక్రవారం మధ్యాహ్నం యజమాని బెల్టులు కొనడానికి బెజవాడ వెళ్లారు. నేను లేచి ఆ ముక్కను నా మిషను మీద బిగించాను. ఎవరూ అడగలేదు. ఎందుకు బిగించాను? స్నేహితుడి పని తగ్గిద్దామనా? అలాగే అని చాలాకాలం చెప్పుకున్నాను నాకు నేను. కాదు. నా చెయ్యి పడినా చక్రం తిరుగుతుందని ఒక్కడికైనా, నాకైనా, రుజువు కావాలి. ఆ రుజువు అయ్యాక ఏం చేద్దామనుకున్నాను? ఎవరికి చూపిద్దామనుకున్నాను? ఇప్పటికీ తెలియదు.

ఎడమ మర కోయాలంటే మిషను పక్కపెట్టెలో ఇంకో పళ్లచక్రం వేయాలి. బిట్టును లోపలినుంచి బయటికి నడపాలి. నాకది తెలియక కాదు. కానీ అప్పుడే ఇద్దరు ట్రాక్టరు డ్రైవర్లు వచ్చి కూర్చున్నారు. కూర్చున్నవాళ్లు కనపడితే నాకు కథ వస్తుంది. మా మామయ్య ఎడ్లపందెంలో ఎద్దు బదులు తానే కాడి లాగిన కథ మొదలుపెట్టాను. నోరు మామయ్యతో పరుగెడుతుంటే చేతులు వాటికి అలవాటైన పని అవి చేసుకుపోయాయి. హబ్బు మీద మర, నట్టు లోపల మర. నట్టు ఎక్కించి తిప్పాను. వెన్నలా వెళ్లి కూర్చుంది. నా బతుకులో నేను కోసిన మరల్లో అంత నున్ననిది లేదు. ఆ సంతోషంలో రెండోసారి తిప్పాను. అప్పుడు చూశాను, ఎటు తిప్పుతున్నానో.

మామూలు మర.

డ్రైవర్లు ఇంకా నవ్వుతున్నారు.

ఉక్కు లేదు. కారు రేపే కావాలి. ఊరేగింపే కదా, పెళ్లికూతురి నడకంత వేగంతో పోతుంది, ఏమవుతుంది? మస్తాను వచ్చాక ఇద్దరం కలిసి ఏదో ఒకటి చేద్దాం. ఇలా అనుకుంటూనే పంచి తీశాను. ఒక చుక్క కొట్టాలి. నా చెయ్యి పడిందని తెలుస్తుంది. పంచి పెట్టాను. మూడు చుక్కలు కొట్టాను.

సాయంత్రం యజమాని వచ్చి అడిగితే, "మస్తాను వెళ్లేముందే పూర్తి చేసి పెట్టాడండి" అన్నాను. శనివారం పొద్దున్నే బస్సు దిగి చేతిసంచీతోనే షాపుకొచ్చిన మస్తానుకు, నేనే పూర్తి చేశానని చెప్పాను. అప్పటికే చక్రాలు బిగించుకుని కారు వెళ్లిపోయింది. ఎడమ మరేగా అని ఒకటే అడిగాడు. ఎడమ మరే అన్నాను. నా భుజం తట్టి, సంచీలోంచి పెళ్లి లడ్డు తీసి పెట్టాడు.

ఆ లడ్డు తిన్నాను నేను.

ఊరేగింపు బాగానే అయింది. మర్నాడు రంగనాయకులుగారికి ఉత్సాహం పుట్టి కారును చిలకలూరిపేట రోడ్డెక్కించారు. ఇక్కడినుంచి నేను చెప్పే కథ మా జిల్లాలో సగం టీకొట్లలో ఉంది. కుడి వెనక చక్రం కారును వదిలి ముందుకు దూకింది. పల్లెవెలుగు బస్సును ఎడమపక్కనుంచి దాటింది. కండక్టరు టిక్కెట్టు కొట్టబోయాడు. ఒక గేదె దారిచ్చింది. చక్రం రోడ్డు దిగి, ఎకరం మేర ఆరబోసిన మిరపకాయల మధ్యలోంచి తిన్నగా పాపిట తీసినట్టు పోయి, అవతల పత్తిచేలో ఆయాసం తీర్చుకుంది. తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు, తమ రాశిలో ఇంత లావు కాయ దొరికిందని నట్టు తెచ్చిచ్చారు. ఇలా చెబుతాను. విన్నవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు. రంగనాయకులుగారి భుజం ఎముక విరిగిందని, ఆయన మళ్లీ ఆ చెయ్యి తలకంటే పైకి ఎత్తలేదని మాత్రం ఆ కథలో చెప్పను. చెబితే నవ్వరు.

సోమవారం పొద్దున కోటేశ్వరరావుగారు ఆ నట్టు తెచ్చి మస్తాను మిషను మీద పెట్టారు. పదిమంది చుట్టూ చేరారు.

"ఇది నీ చేతిదేనట్రా?"

మస్తాను నట్టు తీసుకున్నాడు. బొటనవేలు లోపల పెట్టి మరమీద ఒక చుట్టు తిప్పాడు. వెనక్కి తిరగేసి మూడు చుక్కలూ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు.

"ఏరా, నువ్వు చెప్పు. ఇది నా చేతిదేనా?"

అంతే అడిగాడు. కట్టుబాటు ప్రకారం నేనే చెప్పాలి. తలుపు తీసి పట్టుకున్నట్టు, నాకు దారి వదిలి నిలబడ్డాడు. అందరూ నా మొహం చూస్తున్నారు. పదిమంది నా మొహం చూస్తే నాకేమవుతుందో మీకు చెప్పాను.

"బావమరిది పెళ్లి బిర్యానీ మీద ధ్యాస పెట్టి కోసుంటాడండి. ఆకలి మీదున్న చేతికి కుడేదో ఎడమేదో ఏం తెలుస్తుంది?" అన్నాను.

గొల్లుమన్నారు. కోటేశ్వరరావుగారు కూడా నవ్వాపుకోలేక తల తిప్పుకున్నారు. మస్తాను నవ్వలేదు. కోప్పడలేదు. నట్టును తుక్కు డబ్బాలో వేసి, గుడ్డతో చేతులు తుడుచుకుని, "పని చూసుకుందాం" అన్నాడు. నోరు విప్పాల్సినవాణ్ణి నేనని అతనికి తెలుసు. నేను విప్పేదాకా అతను విప్పడని నాకు తెలుసు. ఆ తెలివిడి మీదే నేను బతికాను.

సాయంత్రం ఆ నట్టును డబ్బాలోంచి తీసి ఇంటికి తెచ్చుకున్నాను. దాచడానికా, దాచుకోవడానికా?

ఆ తర్వాత మస్తానుకు మంచి పని రాలేదు. బోరు పైపులు, ట్రాక్టరు పిన్నులు. నేను మాత్రం చక్రం కథ చెబుతూనే ఉన్నాను. మొదట భయంతో చెప్పాను. అందరూ నవ్వుతుంటే ఎవరూ తరచి అడగరని. తర్వాత అలవాటుగా చెప్పాను. చెప్పేకొద్దీ బస్సు వేగం పెరిగింది, మిరపకాయలు ఎకరంనుంచి పదెకరాలయ్యాయి. నెల తిరిగేసరికి ఆటోనగర్లో ఎక్కడ ఏ మర తప్పుగా కోసినా దానికి 'మస్తాను మర' అనే పేరు స్థిరపడిపోయింది. పదిహేనేళ్లు కష్టపడి మూడు చుక్కలకు అతను సంపాదించింది మంచి పేరు. నేను నెలలో తిరగేశాను.

ఆరు నెలలకు షాపు వదిలేశాడు. వెళ్లే రోజు బస్టాండుకు వెళ్లాను. అద్దంకి బస్సు ఎక్కబోతూ నన్ను చూసి దిగాడు. ఒకటే టీ తెప్పించి రెండు గ్లాసుల్లో పోశాడు. "ఒరేయ్, ఆ చక్రం బస్సును దాటే చోట ఇంకాస్త సాగదీయరా, బాగుంటుంది" అన్నాడు. నేను తల దించుకున్నాను. "పోనీలేరా" అన్నాడు. బస్సు కదిలేదాకా కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

అప్పట్లో మా ఇద్దరి దగ్గరా సెల్లు లేదు. చిరునామా అడగడం నాకు తోచలేదు.

తర్వాత వెతికాను. దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఉన్నాడని ఎవరో అంటే వెళ్లాను. ఉన్నాడు, కానీ వేరే మస్తాను. మా జిల్లాలో ఆ పేరుతో వీధికి నలుగురు. వేటపాలెంలో జీడిపప్పు మిషన్లు బాగుచేస్తున్నాడంటే అక్కడికీ వెళ్లాను. గేటు బయట నిలబడి గంటసేపు విన్నాను. అతని మిషను చప్పుడు నేను గుర్తుపట్టగలను. ఇనుము మీద బిట్టు ఆనే ముందు ఒక్క క్షణం ఆగుతుంది, పిల్లవాడి నుదుటి మీద జ్వరం చూసే చెయ్యి ఆగినట్టు. ఆ ఆగడం వినపడలేదు. రెండు కిలోల జీడిపప్పు కొనుక్కుని వచ్చేశాను. అరకిలో. ఇప్పటికీ ఏ ఊరెళ్లినా లేత్ చప్పుడు వినపడితే బండి ఆపుతాను. మా ఆవిడ ఏమీ అనదు. ఏదో కారణం ఉందని ఆమెకు తెలుసు, ఏ కారణమో తెలియదు. ఇప్పుడు షాపు నాదే. మధ్యాహ్నం ఒక్కణ్ణే క్యారేజీ విప్పుతాను. గోంగూర మాంసం మాత్రం ఇంట్లో వండించుకోను. ఎందుకో ఆమె అడిగింది, పడదన్నాను. ఇరవై రెండేళ్లుగా పడటం లేదు.

మొన్న మిరప కోతల రోజుల్లో మంగళగిరినుంచి ఒక కుర్ర డాక్టరు పాత కారొకటి ట్రక్కు మీద ఎక్కించుకుని నా షాపుకొచ్చాడు. రంగనాయకులుగారు పోయాక వాళ్లింట్లోవాళ్లు అమ్మేశారట. కారును చూడగానే గుర్తుపట్టాను. కుడి వెనక చక్రానికి ఎవరో ఇనుప రేకు అతికించి బోల్టులు బిగించారు. మిగతా మూడూ అలాగే ఉన్నాయి. సుత్తితో కొట్టి విప్పాను. మర మీద బొటనవేలు పెట్టి తిప్పాను. నిన్న కోసినట్టున్నాయి. వెనక మూడేసి చుక్కలు, త్రికోణంగా. నేను కొట్టినవి ఒకే వరసలో ఉంటాయి. అతని గుర్తు త్రికోణమని, పక్కనే ఏడేళ్లు పనిచేసిన నేను ఏనాడూ సరిగ్గా చూడలేదు. ఆ రోజు అతను అంతసేపు చూసింది దాన్నే.

"ఈ మూడూ చేసినాయన ఎవరండీ? భలే చేశాడు" అన్నాడు డాక్టరు. "నాలుగోది మాత్రం ఎవడో మస్తాననేవాడు పాడుచేశాడట కదా. మా మెకానిక్ కథ చెబుతుంటే నవ్వలేక చచ్చాను. చక్రం బస్సును దాటిందట!"

నా కథ నా దగ్గరికే తిరిగొచ్చింది. నేను లేని కథ. ఆ కథలో నన్ను నేను ఎక్కడా పెట్టుకోలేదు కదా.

అప్పుడైనా చెప్పానా? "మూడూ మస్తానే చేశాడండి" అన్నాను. అంతవరకు వచ్చింది నోరు. నాలుగోది అనేసరికి ఆగిపోయింది. డాక్టరు అర్థం కానట్టు చూసి ఫోనులో పడ్డాడు.

నాలుగో జత చేశాను. నాలుగు రోజులు పట్టింది. షట్టరు సగం దించి, ఎవరినీ కూర్చోనివ్వకుండా, నోరు మూసుకుని చేశాను. పళ్లచక్రం వేశానో లేదో ఏడుసార్లు చూసుకున్నాను. ఎడమ మర. బిట్టు ఇనుమును తాకే ముందు కళ్లు మూసుకున్నాను. ఏమైనా చెబుతుందేమోనని. చిన్నగా, పళ్ల సందుల్లోంచి ఊదినట్టు ఒక చప్పుడు. ఇన్నేళ్లూ అక్కడే ఉందన్నమాట. నట్టు వెనక ఒకే ఒక్క చుక్క కొట్టాను.

ఇక చెప్పాల్సిన చోటికి వచ్చాను.

చక్రం బస్సును దాటలేదు. బస్సే లేదు ఆ రోడ్డు మీద. అది మీకు ముందే తెలిసి ఉంటుంది. మిరపకాయలు ఎకరం కాదు, రెండు టార్పాలిన్ పట్టాల మేర. అవన్నీ పెంచినవి. కల్పించింది ఒకటే. బస్టాండులో టీ. అది జరగలేదు. అద్దంకి బస్సు లేదు, రెండు గ్లాసులు లేవు. పోనీలేరా అని నన్నెవరూ అనలేదు. ఆ మాట నేను నాకోసం చేసుకున్నాను. చాలా ఏళ్లు చెక్కాను దాన్ని. అందుకే అంత నున్నగా ఉంది.

జరిగింది ఇది. ఆ రోజు షాపు ఎదుట టీకొట్టు దగ్గర కూర్చుని చక్రం కథ చెబుతున్నాను. ఆరేడుగురు ఉన్నారు. మస్తాను తన పనిముట్ల పెట్టె భుజాన పెట్టుకుని షాపులోంచి బయటికొచ్చాడు. వెళ్లిపోతున్నాడని చూడగానే తెలిసింది. మేం కూర్చున్న బల్ల పక్కనుంచే నడిచాడు. చెయ్యి చాపితే అందేవాడు. కథ అప్పుడే బస్సు దగ్గరికొచ్చింది, అందరూ నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క అడుగు ఆగి నావైపు చూశాడు. నేనూ చూశాను.

కథ ఆపలేదు.

వాళ్లు నవ్వారు. ఆ నవ్వు వింటూ అతను మలుపు తిరిగాడు.

ఇందులో పెంచిందేమీ లేదు. కావాలంటే తూకం వేసుకోండి.